పుంజుకి పాతిక వేలు, పెట్టకి పట్టింపు లేదు

పెరటి కోళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ అన్నీ ముందేసుకుని కూర్చుంటే సగం మందిది ఒకటే గోల, పిల్లలు సరిగ్గా దిగట్లేదని, దిగినవి నిలబడట్లేదని. అందుకే ఈసారి పొదుగుడు సంగతి ఎక్కువ రాస్తున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: పోయిన సంక్రాంతికి పాతిక వేలు పెట్టి డేగ పుంజుని కొన్నానండి, అసలైన జాతి అన్నారు. మా ఇంట్లో ఉన్న ఆరు నాటు పెట్టల్లో వదిలాను. ఇప్పటికి 40 పిల్లల దాకా దిగాయి, ఒకటి నల్లగా ఒకటి తెల్లగా ఒకటి బూడిదరంగులో, ఎముక సన్నం, ఎవరికీ తండ్రి పోలిక లేదు. మోసపోయానా?
(పాఠకుడు, జంగారెడ్డిగూడెం)

జవాబు: మోసం అని అప్పుడే అనుకోకండి. ముందు ఒకటి చెప్పండి, ఆ ఆరు పెట్టలు ఎక్కడివో మీకు తెలుసా? ఉత్తరం మొత్తం పుంజు గురించే రాశారు, దాని కాళ్లు, దాని మెడ, దాని చూపు, పెట్టల గురించి "నాటు పెట్టలు" అని ఒక్క ముక్క. తప్పంతా అక్కడే ఉంది. పిల్లలో సగం తల్లిదే కదండీ. పైగా కోళ్లలో పిల్ల పుంజవుతుందా పెట్టవుతుందా అనేది తేల్చేది కూడా తల్లే, తండ్రి కాదు. పుంజుకి పాతిక వేలు పోసి, పెట్టని సంతలో మూడొందలకి తెచ్చి, పిల్లల్లో జాతి కనపడలేదంటే పాపం ఆ పుంజేం చేస్తుంది?

ఇంకో విషయం, డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల ఇవన్నీ ఈకల రంగుల్ని బట్టి పెట్టుకున్న పేర్లు, జాతులు కాదు. జాతి పేరు అసీల్, అది పందెం కోళ్ల జాతి. నిఖార్సైన అసీల్ తల్లికీ తండ్రికీ పుట్టిన పిల్లల్లో కూడా నాలుగు రంగులు రావచ్చు. కాబట్టి రంగు వదిలేసి పిల్లల తల మీద జుట్టు చూడండి. మామూలు నాటుకోడికి జుట్టు రంపం పళ్లలాగా ఒకే వరసగా నిలబడి ఉంటుంది. అసీల్‌కి అలా ఉండదు, పొట్టిగా, తలకి అతుక్కుని, మూడు వరసల బుడిపెల్లాగా ఉంటుంది. ఆ లక్షణం తండ్రిలో నిఖార్సుగా ఉంటే రంపం జుట్టు పెట్టకి పుట్టిన పిల్లల్లో కూడా కనపడి తీరుతుంది. రెండు నెలలు దాటిన పిల్లల్ని వరసగా పట్టుకుని చూడండి, అన్నిటికీ పొట్టి జుట్టే ఉంటే మీ పుంజు మంచిదే. సగానికి రంపం జుట్టు ఉంటే మాత్రం రెండు అనుమానాలు: పుంజులోనే కలగలుపు ఉండొచ్చు, లేదా ఆ పిల్లలు పాత పుంజువి అయ్యుండొచ్చు. కొత్త పుంజుని వదిలే ముందు పెట్టలు వేరే పుంజుతో తిరిగాయా? ఒకసారి జతకడితే పెట్ట కడుపులో ఆ బీజం రెండు మూడు వారాలు బతికే ఉంటుంది. అందుకని పాత పుంజుని తీసేశాక మూడు వారాల పాటు పెట్టిన గుడ్లు కూరకి వాడేసుకోవాలి, ఆ తర్వాత పెట్టినవాటినే పొదగెయ్యాలి. ఇది చెయ్యకుండా జాతి కడుతున్నాం అనుకునేవాళ్లు మా చుట్టుపక్కలే చాలామంది ఉన్నారు.

ఇప్పుడేం చెయ్యాలంటే, ఆ డబ్బులో పదో వంతు పెట్టి రెండు మంచి అసీల్ పెట్టల్ని వెతకండి. గట్టి ఎముక, నిటారు నడక, అన్నిటికన్నా ముఖ్యం ఒక్కసారైనా తన పిల్లల్ని తను పొదిగి పెంచిన పెట్ట అయ్యుండాలి. మా పెరట్లో ఇవాళ తిరుగుతున్న ప్రతి కోడీ మా అత్తగారు నాకు అప్పగించిన ఒక్క నల్ల పెట్ట సంతానమే. పుంజులు ఎన్నో మారాయి, ఏడాదికో రెండేళ్లకో పక్క ఊరి వాళ్లతో మార్చుకుంటాను, ఎందుకంటే ఒకే పుంజుని ఉంచితే దాని కూతుళ్లతోనే జతకట్టి పిల్లలు నీరసంగా, వేళ్లు వంకరగా దిగుతాయి. పెట్టల వరస మాత్రం మార్చలేదు.

పుంజుని బరికి అమ్మమని అడుగుతున్నారు అని కూడా రాశారు. అమ్మకండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం కోడిపందెం నేరం, అది అలా ఉంచితే, రెండేళ్లు చేత్తో మేపిన పుంజు కాలికి కత్తి కట్టి అరగంటలో చంపుకోవడానికి నాకైతే మనసు ఒప్పదు, మీకూ ఒప్పదనే అనుకుంటున్నాను.

ప్రశ్న: అమ్మా, మా అసీల్ పెట్ట 14 గుడ్లు పెట్టి పొదుగుడికి కూర్చుంది. గుడ్లన్నీ వంటింట్లో బుట్టలో దాచి ఒకేసారి దాని కింద పెట్టాను. మూడే పిల్లలు దిగాయి, మిగతావన్నీ మురిగిపోయాయి. మేలో జరిగింది ఇది. ఉరుములు ఉరిమాయి, అందుకే అని మా అమ్మ అంటుంది.
(పాఠకురాలు, తుని)

జవాబు: అమ్మగారిని ఏమీ అనకండి, మా అత్తగారు కూడా పొదుగు గంపలో గుడ్ల పక్కన ఒక ఇనప ముక్క, ఒక బొగ్గు, రెండు ఎండు మిరపకాయలు పెట్టేవారు ఉరుములకని, నేనూ ఇప్పటికీ ఇనప ముక్క పెడతాను, ఆవిడ గుర్తుకి. కానీ మీ గుడ్లు మురిగింది ఉరుములకి కాదు తల్లీ, వంటింటి వేడికి.

గుడ్డులో బీజం వేడి తగిలితే కదులుతుంది, చల్లగా ఉంటే నిద్రపోతుంది. మే నెలలో తుని వంటింట్లో పొయ్యి పక్కన వేడి ఎంత ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆ వేడికి పెట్ట కిందకి వెళ్లకముందే పిల్ల పెరగడం మొదలుపెడుతుంది, కానీ ఆ వేడి పూర్తిగా చాలదు, రాత్రికి తగ్గిపోతుంది, అలా సగం పెరిగి చచ్చిపోతుంది. పైగా మొదటి గుడ్డు పెట్టి చివరి గుడ్డు పెట్టేసరికి ఎన్ని రోజులు పట్టింది, పదిహేనా? చలికాలంలో అయితే వారం దాకా, ఎండాకాలంలో మూడు నాలుగు రోజులే గుడ్డుని పొదుగుకి దాచాలి, అంతకు మించితే దిగే పిల్లలు తగ్గిపోతూ ఉంటాయి.

నేను చేసేది చెప్తాను. ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో తారీఖు రాస్తాను. కడగను, మరీ మురికి ఉంటే పొడి గుడ్డతో తుడుస్తానంతే. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, తడి ఇసక పోసిన వెడల్పు మూకుడులో చిన్న మట్టి కుండ దించి, కుండలో ఊక పోసి, సన్నని కొస కిందకి ఉండేలా గుడ్లు నిలబెడతాను. పెట్ట కూర్చోగానే పాతవన్నీ తీసి అట్టేసుకుంటాం, కొత్తవి మాత్రమే కింద పెడతాను. చాలకపోతే అదే వారం వేరే పెట్ట పెట్టినవి కలుపుతాను. పది పన్నెండుకి మించి పెట్టను, పెట్ట రెక్కల బయటకి గుడ్డు కనపడిందంటే అది ఎక్కువైనట్టే.

ఏడో రోజు రాత్రి కరెంటు తీసేసి, సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు లావు వైపు ఆనించి చూడండి. లోపల ఎర్రటి సన్నని నరాలు సాలెగూడులాగా పరుచుకుని మధ్యలో నల్లచుక్క ఉంటే పిల్ల ఉన్నట్టు, కాసేపు కదలకుండా పట్టుకుంటే ఆ చుక్క ఊగడం కూడా కనపడుతుంది. ముప్ఫై ఏళ్ల నుంచీ చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ మా మనవరాలిని నిద్ర లేపి మరీ చూపిస్తాను. ఏమీ లేకుండా తేటగా ఉంటే బీజం లేనిది, ఎర్రటి ఉంగరంలాగా ఉంటే లోపల చచ్చింది, రెండూ తీసెయ్యండి, లేకపోతే అవి కుళ్లి పగిలి మంచివాటిని కూడా పాడు చేస్తాయి.

పెట్ట రోజుకోసారి లేచి పావుగంట, ఇరవై నిమిషాలు తిని తాగి మట్టిలో పొర్లి వస్తుంది, కంగారు పడకండి. లేవకుండా మొండిగా కూర్చుంటే మీరే లేపి బయటకి తేవాలి. కూర్చోపెట్టే ముందు రెక్కల కింద పేలు ఉన్నాయేమో చూడండి, పేలు కుడుతుంటే గుడ్లు వదిలేసి పోతుంది, గంపలో కాస్త బూడిద, వేపాకు వెయ్యండి. 18వ రోజు నుంచి గుడ్లు ముట్టుకోవద్దు. 21వ రోజుకి పిల్ల పెంకు పొడుస్తుంది, పొడిచాక బయటకి రావడానికి ఒక్కోసారి పూట కాదు, రోజంతా పడుతుంది, జాలిపడి పెంకు ఒలిచారంటే రక్తం కారి చచ్చిపోతుంది. పచ్చసొన కడుపులో ఉంటుంది కాబట్టి పుట్టిన పిల్ల ఒకటి రెండు రోజులు తిండి లేకపోయినా ఉంటుంది.

ప్రశ్న: మా ఊళ్లె మొన్న కొక్కెర తెగులు వచ్చి మా ఇంట్ల 22 కోళ్లు వారంల పోయినయి. మెడ తిరిగి, పచ్చగ పారుకొని సచ్చినయి. మందు దుకాణంల ఏదో పొడి ఇచ్చిండ్రు, పని చెయ్యలే. మళ్ల ఎప్పుడు తెచ్చుకోవాలె?
(పాఠకుడు, సిద్దిపేట జిల్లా)

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డానండి. నాకూ ఒక ఏడాది ఇలాగే సంక్రాంతికి పది రోజుల ముందు పెరడు పెరడంతా ఖాళీ అయిపోయింది, టీకా వేయించాననే అనుకున్నాను, తీరా చూస్తే ఆ సీసా ఎండలో సంచిలో పెట్టుకుని ఊరంతా తిప్పి తెచ్చిందట. అప్పటినుంచీ ఐస్ డబ్బా లేకుండా వచ్చిన టీకాని గుమ్మం దాటనివ్వను.

ఇది వైరస్, దీన్నే రాణిఖేత్ అంటారు, వచ్చాక ఏ పొడీ తగ్గించదు, మీకు ఆ పొడి అమ్మకుండా ఉండాల్సింది. ముందుగా టీకా ఒక్కటే దారి. పిల్లకి 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా (ఈ తెగులుకే టీకా) కంట్లో ఒక చుక్క, 14వ రోజు గంబోరో అనే ఇంకో జబ్బుకి టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరో వారం మశూచి టీకా, ఎనిమిదో వారం ఆర్2బి ఇంజెక్షన్, అదీ ఈ కొక్కెర తెగులుకే. లసోటా సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి, కలిపాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి. చిన్న సీసా కూడా 100 డోసులు వస్తుంది, మీకున్నవి పది పిల్లలైతే మిగతాది పారబొయ్యకండి, వాడలో అందరూ కూడబలుక్కుని ఒకే సాయంత్రం వేయించుకోండి. పక్కింటి కోళ్లకి లేకపోతే మీ కోళ్లకి వేసి కూడా భయం భయంగానే ఉండాలి. జబ్బు పడినవాటికి మాత్రం టీకా వెయ్యకూడదు.

చచ్చినవాటిని పెంటకుప్ప మీద వెయ్యకండి, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. గూడు ఖాళీ చేసి, పాత ఊక కాల్చేసి, సున్నం వేసి కనీసం నెలన్నర రెండు నెలలు ఎండకి వదిలెయ్యండి. ఒక మాట, ఇంకోసారి ఇలా ఒకేసారి చాలా చస్తే తెగులే కదా అని ఊరుకోకుండా పశువుల డాక్టరుకి చెప్పండి, 2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లో కోళ్లు చచ్చినప్పుడు పరీక్ష చేస్తే బర్డ్ ఫ్లూ అని తేలింది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మేడ మీద నాలుగు కడక్‌నాథ్ పెంచుదామని. గుడ్లు కూడా నల్లగా ఉంటాయటగా?
(పాఠకురాలు, ఉప్పల్)

జవాబు: ఉండవండి, లేత గోధుమరంగులో మామూలుగానే ఉంటాయి. నల్ల గుడ్లు అని ఎవరైనా అమ్మితే కొనకండి. అది మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతం జాతి, అక్కడి మాంసానికి 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అనే ముద్ర) కూడా వచ్చింది. నల్ల ఈకలు చూసి మోసపోకుండా నోరు తెరిపించి నాలుక చూడండి, జుట్టు, చర్మం కూడా నలుపు తిరిగి ఉండాలి. కడక్‌నాథ్ పెట్టలు చాలావరకు సరిగ్గా పొదగవు, పిల్లలు కావాలంటే ఇంకో నాటు పెట్ట ఉండాల్సిందే. మేడ మీద అయితే పుంజు వద్దు, తెల్లారి నాలుగింటికి కూస్తే పక్కింటివాళ్లతో గొడవ. గుడ్లు పెట్టడానికి పుంజు అక్కర్లేదు.

ప్రశ్న: మా వనరాజా కోళ్ల గుడ్లని పొదగెయ్యచ్చా? అవి అసలు కూర్చోవట్లేదు.
(పాఠకుడు, పాలకొల్లు)

జవాబు: వాటికి కూర్చునే గుణం పోయింది. అది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు రెండు వరసలు కలిపి తయారుచేసిన కోడి, గుడ్లకీ మాంసానికీ మంచిదే. కానీ దాని పిల్లల్లో ఆ ఎదుగుదల అలాగే రాదు, ప్రతిసారీ కొత్త పిల్లల్ని తెచ్చుకోవాలి.

ప్రశ్న: పిల్లల్ని తల్లి దగ్గర ఎన్నాళ్లు ఉంచాలి? తొందరగా విడదీస్తే పెట్ట మళ్లీ గుడ్లు పెడుతుందంటున్నారు.
(పాఠకురాలు, అమలాపురం)

జవాబు: పెడుతుంది, నిజమే. అసీల్ పెట్ట ఏడాదికి మూడు నాలుగు విడతలే పెడుతుంది, విడతకి పది పన్నెండు, అందుకని తొందర పడతారు. విడదీస్తే మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వేడి ఇవ్వాలి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి, కరెంటు పోతే మీరే లేవాలి. నేను విడదియ్యను. గద్ద నీడ నేల మీద పడగానే తల్లి ఒక రకంగా అరుస్తుంది, పిల్లలన్నీ ఎక్కడివక్కడ ఆకుల కింద దూరిపోతాయి, ఆ అరుపు బల్బు నేర్పదు కదా. మొదటి పది రోజులు తల్లినీ పిల్లల్నీ గంప కింద మూసి, నూకలు, ఉడికించిన గుడ్డు చిదిపి పెట్టండి. సాయంత్రం పాత కుండలో ఎండు పేడ, గడ్డి తడిపి పెట్టి చెదలున్న చోట బోర్లించండి, పొద్దున్నకి కుండ నిండా చెదపురుగులు ఉంటాయి, కుండ తిరగేసి కొట్టారంటే పిల్లలు ఎగబడి తింటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకి తల్లే ముక్కుతో పొడిచి తరిమేస్తుంది, ఆ వారమే మీరు వాటికి వేరే గూడు చూసుకుంటే చాలు.