నుమాయిష్‌కి వెళ్తే మూడు నెలల డైట్ పోయినట్టేనా?

మూడు నెలలుగా రోజుకు 1500 కేలరీల లెక్కలో ఉన్నాననీ, ఈ ఆదివారం పిల్లలతో, అత్తమామలతో, ఏటా జనవరిలో మొదలయ్యే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌కి వెళ్లక తప్పదనీ, అక్కడ ఏం తినాలో చెప్పమనీ మీరు అడిగారు. మధ్యాహ్నం అన్నం మానేసి ఆ కేలరీలు సాయంత్రానికి దాచుకోవచ్చా అని కూడా రాశారు. ముందు దానికే చెప్తాను. మానకండి. నేను మానేసి చూశాను.

రెండేళ్ల కిందటి మాట. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పి అప్పటికి నాలుగు నెలలైంది. ఐదు కిలోలు తగ్గాను. నుమాయిష్ రోజు పొద్దున రెండు ఇడ్లీలు తిన్నాను, మధ్యాహ్నం టీ తాగి ఊరుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి గాంధీ భవన్ స్టేషన్‌లో దిగేసరికి ఐదున్నర. గేటు దాటి పది నిమిషాలు నడిచామో లేదో బజ్జీల వాసన. నాలుగు బజ్జీల ప్లేటు నేనొక్కదాన్నే తినేశాను. తర్వాత దహీ పూరీ. పిల్లలకని కొన్న జిలేబీలో సగం. దాహమేస్తే చెరుకు రసం. చిన్నోడు వదిలేసిన స్వీట్ కార్న్ పారేయబుద్ధి కాక అదీ నేనే. అత్తమ్మ విరిచి ఇచ్చిన ఢిల్లీ పాపడ్ ముక్క. ఇంత తిన్నాక కూడా ఇంటికొచ్చి 'కడుపులో చల్లగా ఉంటుంది' అని పెరుగన్నం. రాత్రి కేలరీల యాప్‌లో వేసుకుంటే, పాపడ్ కలపకుండానే, ఆ సాయంత్రం ఒక్కదానికే 1700 దాటింది. మధ్యాహ్నం మానేసి నేను మిగుల్చుకున్నది మహా అయితే 450.

ఆ లెక్క కంటే నన్ను ఎక్కువ కుదిపింది ఇంకోటి. అన్నీ తిన్నాను గానీ, మర్నాడు గుర్తుచేసుకుంటే రుచి గుర్తున్నవి మొదటి రెండు బజ్జీలే. మిగతావి దాహానికి తాగినవి, కాళ్లు నొప్పెట్టి కూర్చోవడానికి వంకగా కొన్నవి, ఎవరో చేతిలో పెడితే నోట్లో వేసుకున్నవి. ఇష్టపడి తిన్నది పావు వంతు కూడా లేదు. అందుకే తర్వాతి ఏడాది నుంచి నేను తిండి సంగతి పక్కనపెట్టి, ముందు ఆకలి, దాహం, అలసట ఈ మూడింటి సంగతి చూసుకుంటున్నాను.

రెండు గంటలకు కడుపునిండా భోజనం. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, ఒక ఉడకబెట్టిన గుడ్డు. పప్పూ గుడ్డూ ఉంటే ఏడింటి దాకా ఆకలి ఊసు ఉండదు. మీ ఇంట్లో ఎవరైనా షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటుంటే వాళ్లు భోజనం అసలు మానకూడదు, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇక మనిషికో నీళ్ల సీసా. బరువే, కానీ అక్కడి కూల్‌డ్రింకులు, రసాలు చాలావరకు దాహంతోనే కొంటాం. ఒక పెద్ద గ్లాసు చెరుకు రసంలో 30 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇలాంటి చక్కెర గురించే. నమిలేదేమీ లేదు, కడుపు నిండేదీ లేదు. నా మటుకు నేను అక్కడ నీళ్లు తప్ప ఏదీ తాగను. ఒక్క ఇరానీ చాయ్‌కి మాత్రం మినహాయింపు, అదీ తిరుగు ప్రయాణంలో.

బజ్జీ విషయానికొస్తే యాప్‌ని మరీ నమ్మకండి. ఒక యాప్ ఒక్క మిర్చి బజ్జీకి 80 అంటుంది, ఇంకోటి 180 అంటుంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్లు 2017లో 500కు పైగా ఆహార పదార్థాలతో పట్టికలు తెచ్చారు గానీ, అందులో ఉండేది ఎక్కువగా శనగపిండి, మిరపకాయ లాంటి ముడి సరుకుల లెక్క. బండి మీద వేయించిన బజ్జీ ఎంత నూనె తాగిందో ఏ పట్టికా చెప్పలేదు. నేను చేసేది మోటు లెక్క. గ్రాము నూనెకు 9 కేలరీలు. బజ్జీ పట్టుకున్న కాగితం మీద నూనె మరక ఎంత పాకిందో చూస్తే తెలిసిపోతుంది. అరచేతంత బజ్జీకి 130 వేసుకుంటాను, ఎక్కువే వేసుకుంటే నష్టం లేదు.

ఇందులో నిజంగా పనికొచ్చే కిటుకు ఒకటుంది. మూకుడులో ఉన్నంతసేపు బజ్జీలోని నీరు ఆవిరై బయటికి తన్నుతుంటుంది కాబట్టి నూనె లోపలికి అంతగా వెళ్లదు. బయటికి తీశాక చల్లారుతున్నప్పుడు పైనున్న నూనెను లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి దించగానే రెండు టిష్యూల మధ్య పెట్టి అద్దితే కొంతైనా తగ్గుతుంది, పావుగంట పళ్లెంలో పడున్న బజ్జీని అద్దినా లాభం లేదు. జనం మీద పడుతున్నారని ఒకేసారి యాభై వేసేసే బండి దగ్గర కూడా ఆగను. అన్నేసి వేస్తే నూనె చల్లబడి పిండి ఇంకా జిడ్డవుతుంది. కట్ మిర్చి నాకు ప్రాణం, కానీ వేయించిన బజ్జీని ముక్కలు కోసి మళ్లీ వేయిస్తారు, కోసిన ప్రతి వైపూ నూనె తాగుతుంది. దాన్ని మానేసి మామూలు బజ్జీ రెండు, లోపల ఉల్లిపాయ, నిమ్మరసం ఎక్కువ వేయించుకుని తింటాను. అదే నా నుమాయిష్. అది వదులుకుని డైట్ చేయమంటే నేను డైట్ చేయను.

మిగతావి గబగబా చెప్తాను. కాల్చిన మొక్కజొన్న కంకి, నిమ్మకాయతో ఉప్పూకారం రాసింది, మీకు అన్నిటికంటే మంచి స్నేహితుడు. వంద, నూట ఇరవై దాటదు, తినడానికి పావుగంట పడుతుంది. కప్పులో స్వీట్ కార్న్ కూడా పర్లేదు, బటర్ వద్దని వాళ్లు గరిటె ఎత్తకముందే చెప్పాలి. ఢిల్లీ పాపడ్ చూడ్డానికి గాలిలా ఉంటుంది, నిజానికి నూనెలో తేలి వచ్చిందే, నలుగురికి ఒకటి చాలు. పీచుమిఠాయి దీనికి తలకిందులు. అంతెత్తున కనిపిస్తుంది గానీ అందులో ఉండే చక్కెర 25, 30 గ్రాములే, 120 కేలరీల లోపు. పిల్లలు దాంతో తృప్తిపడితే జిలేబీ కంటే అదే నయం. పానీపూరీ తినాలనిపిస్తే రగడాతో మామూలుది తినండి. పెరుగు, సేవ్, తీపి చట్నీ చేరేకొద్దీ అది చాట్ కాదు, భోజనం. హలీం తినేటట్టయితే దాన్ని చిరుతిండి కింద వేయకండి. గోధుమలు, పప్పులు, మాంసం, నెయ్యి, అది రాత్రి భోజనమే. ఒక ప్లేటు ఇద్దరు పంచుకుని, ఇంటికెళ్లి ఏమీ తినకపోతే లెక్క సరిపోతుంది.

నడుస్తాం కదా, కరిగిపోతుంది అని మా ఆయన వాదన. పోయినేడు ఫోన్‌లో చూశాను. నాలుగు గంటలు తిరిగితే 9 వేల అడుగులు, దాదాపు ఆరు కిలోమీటర్లు. నా 66 కిలోల బరువుకు అది 300 కేలరీల దాకా వస్తుంది. అంటే రెండేళ్ల కిందట నేను తిన్న నాలుగు బజ్జీల ప్లేటుకే చాలదు. నడవండి, కాళ్లకు మంచిది, కానీ దాన్ని చూసుకుని రెండో ప్లేటు తేకండి.

వెళ్లగానే తినడానికి ఏమీ కొనకుండా ఒక చుట్టు చుట్టండి. 23 ఎకరాల మైదానం, తిండి బండ్లు ఒకచోట ఉండవు, దారి పొడవునా తగులుతూనే ఉంటాయి. మా అత్తమ్మకు తెలిసిన నుమాయిష్ వేరు. దుప్పట్లు, స్టీలు సామాన్లు, కాశ్మీర్ శాలువాలు, ఆ తర్వాతే తిండి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో వంద స్టాళ్లతో మొదలైనప్పుడు కూడా అది సరుకులు చూపించడానికి పెట్టిన సంతే కదా. ఆవిడ పద్ధతిలో ముందు కొనాల్సినవి కొని, పిల్లల్ని ఎక్కించాల్సినవి ఎక్కించి, ఏడింటికి ఒకచోట కూర్చుని ఏం తినాలో అది తింటున్నాం. నడుస్తూ తినడం పూర్తిగా మానేశాం. ఎంత తిన్నామో లెక్క తప్పేది అక్కడే.

అత్తమామలు 'ఏడాదికోసారే కదమ్మా, తిను' అంటారని మీ భయం. అంటారు. ఏడాదికోసారి వచ్చేవన్నీ జనవరిలోనే వస్తాయి, అదీ బాధ. కొత్త సంవత్సరం కేకు, సంక్రాంతి సకినాలు, అరిసెలు, ఆపైన ఇది. పెద్దవాళ్లతో కేలరీల గురించి మాట్లాడి లాభం లేదు, వాళ్లకు అది అలిగినట్టు వినిపిస్తుంది. నేను తినడానికి కూర్చునే ముందే ఓ కంకి కొనుక్కుని చేతిలో పట్టుకుంటాను. చేతిలో ఏదో ఉన్నవాళ్లకు ఇంకోటి పెట్టరు. మరీ బలవంతం చేస్తే ఒక ముక్క తీసుకుని 'బాగుంది మామయ్యా' అనేస్తాను. ఒక ముక్కతో కొంప మునగదు. పిల్లలు వదిలేసినవి తినే పని మాత్రం మా ఆయనకు అప్పగించాను.

నేను చాలా ఆలస్యంగా గమనించింది కాశ్మీరీ డ్రైఫ్రూట్ స్టాళ్ల సంగతి. రుచి చూడమని ఇక్కడ నాలుగు జీడిపప్పులు, అక్కడ రెండు అక్రూట్‌లు, ఇంకోచోట అంజీర్. ఆరోగ్యమే కదా అని తింటాం. ఒక్క జీడిపప్పుకు 9 కేలరీలు, బాదంకు 7. ఐదారు స్టాళ్లు తిరిగితే ఒక బజ్జీ అయిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు కిలోల లెక్కన కొని ఇంటికి తెచ్చుకునేది. సాయంత్రం తిన్నది ఆ సాయంత్రంతో పోతుంది, డబ్బాలో ఉన్నది ఫిబ్రవరంతా పిలుస్తుంది. పావుకిలో బాదం, పావుకిలో అక్రూట్ చాలు. పిల్లలు గొడవ చేసి కొనిపించే రంగురంగుల జెల్లీలు వద్దు, అవి చివరికి తినేది మీరే.

సోమవారం పొద్దున్నే బరువు చూసుకోకండి. నేను చూసుకుని ఏడ్చాను, కిలో పావు ఎక్కువ చూపించింది. అంత కొవ్వు ఒక్క రాత్రిలో రాదు, కిలో కొవ్వంటే 7 వేల కేలరీల పైమాట. బజ్జీల్లో, చాట్‌లో ఉండే ఉప్పుకు ఒంట్లో నీరు నిలుస్తుంది, అంతే. మూడో రోజుకు అందులో చాలావరకు దిగిపోయింది. సోమవారం ఉపవాసాలేమీ పెట్టుకోకుండా మామూలుగా మీ 1500 తినండి, గురువారం మెషిన్ ఎక్కండి.

అన్నట్టు, ఆదివారం బాగా రద్దీగా ఉంటుంది. వీలైతే గేట్లు తెరవగానే లోపలికి వెళ్లండి. ఏడు దాటితే బజ్జీ బండ్ల దగ్గర నేను చెప్పినట్టు ఒకేసారి యాభై వేసే మూకుడులే కనిపిస్తాయి.