కిటికీలు మూసుకున్న రోజుల్లో: మీ ప్రశ్నలు, అక్కయ్య జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కార్చిచ్చు పొగ గురించే. రాసినవాళ్లలో ఎవరి ఇంటికీ మంట దగ్గర్లో లేదు. అడవి ఎక్కడో కాలుతోంది, పొగ మాత్రం వీళ్ల గుమ్మం దాకా వచ్చి వారాల తరబడి కదలనంటోంది. ఊపిరితిత్తుల వార్డులో చాలా ఏళ్లు నర్సుగా చేశాను. ఇప్పుడు నేనుంటున్నదీ ఎండాకాలం వస్తే పొగ కమ్మే చోటే. అందుకని నాకు తెలిసింది చెబుతాను. మందులు పెంచడం, తగ్గించడం గురించి మాత్రం మీ డాక్టరుగారినే అడగండి.

ప్రశ్న: అక్కయ్యా, మాకు పొగ మొదలై మూడు వారాలైంది. మా ఇల్లు క్షేమంగా ఉంది, ఉద్యోగం ఇంటి నుంచే. అయినా పొద్దున లేచి కిటికీలో ఆ మురికి పసుపు వెలుగు చూస్తే ఏడుపొస్తోంది. ఇళ్లు కాలిపోయి శిబిరాల్లో ఉన్నవాళ్లుండగా, బాల్కనీలో కూర్చోలేకపోతున్నానని నేను ఏడవడం సిగ్గుగా ఉంది. ఏదైనా చిన్న సంతోషం కల్పించుకుందామన్నా తప్పు చేస్తున్నట్టే ఉంటోంది.

జవాబు: చెల్లీ, నువ్వు పోగొట్టుకున్నది బాల్కనీ ఒక్కటే కాదు. పొద్దుటి వెలుగు పోయింది. నడక పోయింది. కిటికీ తెరిచి పడుకునే అలవాటు పోయింది. పక్కింటావిడతో గోడ దగ్గర నిలబడి మాట్లాడే పది నిమిషాలూ పోయాయి. మనసును రోజూ నిలబెట్టేవి ఇవే. అన్నీ ఒక్కసారే తీసేస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది. పైగా పొగ వాసన ముక్కుకు తగిలినంతసేపూ ఒళ్లు ప్రమాదం ఉందనే అనుకుంటుంది. మన ఇల్లు క్షేమమే కదా అని ఎంత నచ్చజెప్పినా అది వినదు. 2023 జూన్‌లో కెనడాలో క్విబెక్ అడవులు కాలితే వందల కిలోమీటర్ల అవతల న్యూయార్క్ ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. ఆటలు వాయిదా పడ్డాయి, నాటకాలు ఆగిపోయాయి. ఆ ఊళ్లో ఇల్లు కాలలేదు. అయినా అక్కడివాళ్ల రోజులు పాడయ్యాయి. నీవీ అలాగే పాడవుతున్నాయి.

చిన్న ఊరట అన్నమాటను నేను చిన్నచూపు చూడలేను. వార్డులో ఆయాసంతో కూర్చున్నవాళ్ల బుగ్గలకు గాలి తగిలేలా చిన్న చేతిఫ్యాను పట్టేవాళ్లం. ఆక్సిజన్ అంకె ఎక్కడిదక్కడే ఉండేది, కానీ చెవుల దాకా లేచిన భుజాలు మెల్లగా కిందికి దిగేవి. ముక్కుకీ బుగ్గలకీ చల్లగాలి తగిలితే ఊపిరాడటం లేదన్న బాధ తగ్గుతుంది, ముఖంలో ఉండే నరాల వల్ల అలా జరుగుతుంది. జబ్బు నయం కాకపోయినా ఆ పూట ఆ మనిషికి గడిచేది. నీకూ ఇప్పుడు కావలసింది పూట గడవడమే.

ఇల్లంతా శుభ్రంగా ఉంచాలని తాపత్రయపడకు. ఒక్క గది ఎంచుకో. నువ్వు పడుకునే గదైతే మంచిది, ఎందుకంటే రోజులో మూడో వంతు అందులోనే గడుస్తుంది. కిటికీ సందులు మూసెయ్, తలుపు కింద తడిగుడ్డ పెట్టు, సన్నటి కణాల్ని పట్టే హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్ ఒకటి పెట్టు. కొనేటప్పుడు అట్టపెట్టె మీద పొగకు సంబంధించి రాసిన సీఏడీఆర్ అంకె చూడు, యంత్రం నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల శుభ్రమైన గాలి ఇస్తుందో అది చెబుతుంది. మామూలు ఎత్తు పైకప్పున్న గదికి, గది ఎన్ని చదరపు అడుగులుంటే ఆ అంకె కనీసం అంత ఉండాలి. గదికి చాలని యంత్రం ఎంతసేపు తిరిగినా తృప్తి ఉండదు.

తర్వాత ఆ గదిలోకి నీకిష్టమైనవి తెచ్చుకో. నా గదిలో ఒక కుర్చీ, పాత రేడియో, కుట్టుపని బుట్ట ఉంటాయి. పొగ రోజుల్లో పొద్దున్నే తెల్లటి వెలుగిచ్చే దీపం వేసి కర్టెన్ మూసేస్తాను. బయటి రంగు లోపలికి రాకపోతే నాకు సగం దిగులు తగ్గుతుంది. బయటికి వెళ్లొస్తే తలస్నానం చేసి, బట్టలు మార్చుకునే ఆ గదిలోకి వెళ్తాను. దిండుకి పొగ వాసన అంటకూడదన్నది నా పట్టుదల. ఉతికిన దుప్పటి వాసనతో నిద్రపోవడం ఆ రోజుల్లో నాకు దొరికే పెద్ద సుఖం. కళ్లు మండుతుంటే చల్లటి తడిగుడ్డ కాసేపు కప్పుకో. కాంటాక్ట్ లెన్సులుంటే కొన్నాళ్లు మానేసి కళ్లద్దాలు వాడు.

గాలి నాణ్యత అంకెను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడు. పది నిమిషాలకోసారి చూస్తే అది నిన్ను పట్టుకుని వదలదు. అయితే గంటగంటకూ ఎలా మారుతోందన్న గీత ఉంటుంది చూడు, దాన్ని మాత్రం బాగా గమనించు. గాలి మళ్లగానే ఒక గంటో రెండు గంటలో తెరిపి దొరుకుతుంది. అమెరికా ఏక్యూఐ లెక్కలో 50 లోపు మంచిది, 100 దాటితే ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లూ పిల్లలూ పెద్దవాళ్లూ జాగ్రత్తపడాలి, 150 దాటితే అందరికీ చెడ్డదే. ఒక్కో దేశం లెక్క ఒక్కోలా ఉంటుంది, మీ దగ్గర ఏది వాడతారో చూసుకో. అంకె దిగిందా, చేతిలో ఏ పనున్నా వదిలేసి కిటికీలన్నీ బార్లా తెరువు. నేనైతే ఫోను కూడా లోపలే పడేసి మెట్ల మీదికి పోయి కూర్చుంటాను.

ఇక సిగ్గు సంగతి. నిరాశ్రయులైనవాళ్లకు చేతనైనంత పంపు. వస్తువులకన్నా నమ్మకమైన సహాయ సంస్థకు డబ్బు పంపడం వాళ్లకు ఎక్కువ ఉపయోగం. వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు ఫోను చేసి మందులు ఉన్నాయా అని అడుగు. కానీ నువ్వు సుఖంగా కూర్చునే ఆ గంటకు అద్దె కడుతున్నట్టు మాత్రం ఇవి చేయకు. నువ్వు దిగులుగా కూర్చున్నంత మాత్రాన అక్కడ ఎవరి బాధా తగ్గదు. ఏడుపు రెండు వారాలు దాటినా ఆగకపోయినా, నిద్రా ఆకలీ పోయినా మానసిక వైద్యుల్ని కలువు. నేనూ వెళ్లమనే చెబుతాను, ఆలస్యం చేయకు.

ప్రశ్న: ఇంట్లో పొగ కంపు భరించలేక సాయంత్రాలు సువాసన కొవ్వొత్తులు వెలిగిస్తున్నాను. మనసుకు హాయిగా ఉంటోంది. పరవాలేదా?

జవాబు: వద్దమ్మా. ఊరట కోసం చేతికి ముందుగా అందేవి ఇవే, అందుకే గట్టిగా చెబుతున్నాను. కొవ్వొత్తి, అగరొత్తి, సాంబ్రాణి ఏది వెలిగించినా దాన్నుంచి వచ్చేదీ సన్నటి పొగ కణాలే. బయటి పొగను ఆపడానికి తలుపులు బిగించుకుని లోపల మరో పొగ పెట్టుకున్నట్టవుతుంది. నూనెలో వేయించడం, మాడ్చడం కూడా అంతే, పొగ రోజుల్లో ఉడికించుకునే వంటలతో సరిపెట్టుకోండి. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ నేల మీది దుమ్మును మళ్లీ గాల్లోకి లేపుతుంది, తడిగుడ్డతో తుడవండి. వాసన విడిగా బాధిస్తుంటే యాక్టివేటెడ్ కార్బన్ పొర కూడా ఉన్న ఫిల్టరు తీసుకోండి. హెపా కణాల్ని పడుతుంది కానీ వాసన తెచ్చే వాయువుల్ని పట్టదు. వెలుగు కోసమే కొవ్వొత్తయితే బ్యాటరీతో వెలిగేవి దొరుకుతాయి.

ప్రశ్న: అమ్మా, నా వయసు డెబ్బై రెండు. ముప్పై ఏళ్లుగా తెల్లవారుజామున నడక మానలేదు. ఇప్పుడు మూతికి తడి రుమాలు కట్టుకుని వెళ్తున్నాను. మా ఆవిడ వద్దంటోంది. నడక లేకపోతే నాకు రోజు మొదలవదు.

జవాబు: బాబాయిగారూ, ఈ విషయంలో పిన్నిగారి మాటే వినండి. పొగలో మనకు హాని చేసే కణాలు 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటాయనుకోండి. రుమాలు తడిపినా పొడిగా ఉన్నా దాని నేత సందుల్లోంచి అవి హాయిగా దూరిపోతాయి. ఊపిరితిత్తుల లోపలి గదుల దాకా వెళ్తాయి, మరీ సన్నవి నెత్తుట్లోనూ కలుస్తాయి. మీ వయసులో ఊపిరితిత్తులతో పాటు గుండెకీ ఆ బరువు పడుతుంది. పైగా మీరు ఎంచుకున్న వేళ చాలాచోట్ల అన్నిటికన్నా చెడ్డది. రాత్రి నేల చల్లబడితే చల్లగాలి కింద, వెచ్చగాలి పైన మూతలా నిలుస్తుంది, పొగ కిందే ఇరుక్కుపోతుంది. ఎండెక్కాక గాలి కలిసి కొంత పైకి లేస్తుంది.

తప్పనిసరిగా బయటికి పోవాలంటే ఎన్-95 మాస్కు పెట్టుకోండి. అది 0.3 మైక్రాన్ల కణాల్లోనూ కనీసం నూటికి 95 ఆపుతుంది, కానీ ముఖానికి ఎక్కడా సందు లేకుండా అతుక్కుంటేనే. రెండు పట్టీల్లో ఒకటి నడినెత్తికి, ఒకటి మెడకు రావాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే దాన్ని పెట్టుకోవడానికి ముందు డాక్టరుగారిని అడగండి.

వేళను మాత్రం వదులుకోకండి. ముప్పై ఏళ్లుగా ఆ సమయానికి లేస్తున్నారు కదా, అలాగే లేవండి, బూట్లు వేసుకోండి, ఇంట్లోనే ఈ గోడ నుంచి ఆ గోడకు నడవండి. మా వార్డులో ఒక పెద్దాయన ఆక్సిజన్ సిలిండర్ తోసుకుంటూ రోజూ ఒకే వేళకు వరండా కొస దాకా నడిచి, అక్కడ ఆగి, డ్యూటీలో ఉన్న ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి పలకరించి వెనక్కి వచ్చేవారు. మేమూ ఆయన కోసం ఎదురుచూసేవాళ్లం. పెద్ద గ్రంథాలయాల్లాంటి చోట్ల గాలి వడపోత బాగుంటే మధ్యాహ్నం అక్కడికీ వెళ్లి నడవచ్చు. కారులో వెళ్లేటప్పుడు లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. ప్రయాణం ఎక్కువసేపైతే గాలి మందగించకుండా అప్పుడప్పుడు కాసేపు అద్దం దించండి.

ప్రశ్న: గాలి శుభ్రపడుతుందని గది నిండా మొక్కలు తెచ్చాను. మంచిదేనా?

జవాబు: మొక్కలు మంచివే, గాలి విషయంలో మాత్రం వాటి మీద ఆశ పెట్టుకోకండి. 1989లో నాసా చేసిన పరీక్షతో ఆ మాట ప్రచారంలోకి వచ్చింది. అది మూసేసిన చిన్న పెట్టెల్లో, కొన్ని రసాయన వాయువుల మీద చేసిన పరీక్ష, ఇల్లంత గదిలో పొగ సంగతి వేరు. కళ్లకు పచ్చదనం కోసం ఉంచుకోండి. ఆకులు తడిగుడ్డతో తుడవండి, ఆ పని చేస్తుంటే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

ప్రశ్న: మా ఏడేళ్ల పాప ఎర్రటి సూర్యుణ్ని చూసి భయపడుతోంది. లోకం కాలిపోతోందా అని అడుగుతోంది. ఏం చెప్పను?

జవాబు: నిజం చెప్పండమ్మా, పిల్లలకు అంతకు మించిన ధైర్యం లేదు. సూర్యుడు మారలేదు, మధ్యలో పొగ ఉంది అని చెప్పండి. ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. పొగలోని సన్న కణాలు నీలాన్ని పక్కలకు చెదరగొడతాయి, ఎరుపు, నారింజ మాత్రం దాటుకుని మన దాకా వస్తాయి. 2020 సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పట్టపగలు దీపాలు వేసుకోవలసి వచ్చింది, ఆకాశమంతా నారింజ. ఆ తర్వాత అక్కడ మళ్లీ నీలాకాశం వచ్చింది. పాపకు ఈ చివరి మాట తప్పకుండా చెప్పండి.

ఇంకో వింత కూడా చెప్పండి. 1950లో కెనడాలో పెద్ద కార్చిచ్చు లేచింది. సెప్టెంబరులో దాని పొగ అట్లాంటిక్ దాటి బ్రిటన్ మీదికి పోతే అక్కడివాళ్లకు సూర్యుడూ చంద్రుడూ నీలంగా కనబడ్డారు. ఆ పొగ కణాలు దాదాపు ఒకే పరిమాణంలో ఉండి, ఈసారి ఎరుపును ఎక్కువ చెదరగొట్టాయి. మా మనవరాలికి ఇది చెప్పిన రోజు నుంచి భయం పోయి, రోజూ సాయంత్రం సూర్యుడి రంగు పెన్సిళ్లతో వేసి తేదీ రాయడం పట్టుకుంది. ఎర్రగా, మసకగా ఉన్నా సూర్యుణ్ని నేరుగా చూడకూడదని మాత్రం చెప్పండి. పిల్లలు ఒంటి బరువుకు మనకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు, ఎన్-95లు పెద్దల ముఖాల కొలతకు చేసినవి. అందుకని బయట ఆడించకుండా శుభ్రమైన గదిలోనే ఆటలు పెట్టండి. కూర్చోబెట్టేవి కాదు, దుప్పటి గుడారంలో పాకేలాంటివి.

ప్రశ్న: ప్యూరిఫయర్ కొనే స్తోమత లేదక్కా. చిన్న అద్దె ఇల్లు, ఏసీ లేదు. అన్నీ మూస్తే ఉడికిపోతున్నాం.

జవాబు: తమ్ముడూ, ముందు వేడి సంగతి చూడు. పొగ ఉందని మూసిన ఇంట్లో ఉడికిపోతే వడదెబ్బ పొగకన్నా త్వరగా ప్రాణం మీదికి తెస్తుంది. పగలు చల్లగా ఉండే గ్రంథాలయమో, బంధువుల ఇల్లో, ప్రభుత్వం తెరిచిన కేంద్రమో చూసుకుని ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్లండి.

ఇంటికి మాత్రం ఒక ఉపాయముంది. 2020లో రిచర్డ్ కోర్సీ అనే ఇంజినీరు, ఫిల్టర్లు తయారుచేసే జిమ్ రోసెంతాల్ కలిసి ప్రచారంలోకి తెచ్చిన పెట్టె ఇది. సన్నటి కణాల్ని కూడా పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టర్లు నాలుగు తీసుకుని నాలుగు గోడల్లా నిలబెట్టాలి. అడుగున అట్టముక్క, పైన చతురస్రపు బాక్స్ ఫ్యాను గాలి పైకి కొట్టేలా పెట్టి, సందులన్నీ టేపుతో అతికించాలి. ఫిల్టరు మీద ఉండే బాణం లోపలి వైపుకు చూడాలి. ఇంజినీర్లు కొలిచి చూశారు, కొన్న యంత్రాలతో పోటీపడేంత బాగా పనిచేస్తుంది. మోటారు వేడెక్కే పాత ఫ్యాను వాడకు, అందరూ నిద్రపోయేటప్పుడు ఆపెయ్. పిల్లలతో కలిసి చేయి, మా వీధిలో ఒక ఇంట్లో పిల్లలు దానికి కళ్లూ ముక్కూ గీసి పేరు కూడా పెట్టారు. ఓజోన్ వదిలి గాలిని శుద్ధి చేస్తామనే యంత్రాలు చవగ్గా వచ్చినా కొనకు, ఓజోన్ ఊపిరితిత్తుల్ని ఇంకా మండిస్తుంది.

ప్రశ్న: పొగ పోయాక మొదట ఏం చేయాలి?

జవాబు: అంకె చూసి, బాగుంటే కిటికీలన్నీ తెరిచి ఇల్లు ఆరనివ్వండి. కర్టెన్లు, దిండు గలీబులు ఉతకండి. అలమరాలు, ఫ్యాను రెక్కలు తడిగుడ్డతో తుడవండి. గడప మీద బూడిద పడితే పొడిచీపురుతో ఊడవకండి, నీళ్లు చిలకరించి తీయండి. ఫిల్టరు బూడిద రంగుకు తిరిగితే మార్చాలి. దాన్ని దులపకుండా మాస్కు పెట్టుకుని, నెమ్మదిగా తీసి, సంచిలో చుట్టి పడేయండి. కొత్తది ఇప్పుడే కొనిపెట్టుకోండి, మళ్లీ పొగ లేచాక దుకాణాల్లో దొరకడం కష్టం.