జింక్ డోసు సంగతి తర్వాత, ముందు స్కాన్‌కు వెళ్ళండి

ప్రశ్న: నా వయసు 63. మాది కావలి దగ్గర పల్లె, రొయ్యల గుంటలు చూసుకుంటాను. ప్రోస్టేట్ పెరిగిందని రెండేళ్ళ క్రితం టామ్సులోసిన్ రాశారు. తల తిరుగుతోందని మానేశాను. మా బావమరిది చెబితే జింక్, సెలీనియం, విటమిన్-ఇ ఉన్న మాత్రలు ఆన్‌లైన్‌లో తెప్పించి మూడు నెలలుగా వాడుతున్నాను. ఒక్కో మాత్రలో జింక్ 50 ఎంజీ, రోజుకు రెండు. అయినా ధార సన్నగానే ఉంది, రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోంది. మెగ్నీషియం కూడా కలిపితే గ్రంథి తగ్గుతుందా? డోసు పెంచాలా? జలుబుకు మెడికల్ షాపులో మాత్ర తప్ప వేరే మందులు వాడను. ఈ మధ్య రెండు మూడు సార్లు నిద్రలో తెలియకుండా పక్క తడిసింది. నొప్పి లేదు, వయసు వల్లే అనుకుంటున్నాను.

జవాబు: మీరు చివర్లో రాసిన మాటే నన్ను భయపెట్టింది. ప్రోస్టేట్ పెరిగిన మనిషికి నిద్రలో పక్క తడుస్తోందంటే వయసు మీదకు నెట్టేయకూడదు. గ్రంథి అడ్డుపడి మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోతే, లోపల నిండిపోయి, పట్టనిది నిద్రలో పొర్లుతుంది. షుగర్ వల్ల, నరాల సమస్య వల్ల, ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా ఇలా కావచ్చు. మిమ్మల్ని చూడకుండా ఫలానా కారణమని తేల్చలేను. కానీ ముందు చూడాల్సింది మాత్రం మూత్రం నిలిచిపోవడమే.

నొప్పి లేదు కదా అని ధైర్యంగా ఉండొద్దు. మూత్రం హఠాత్తుగా ఆగిపోయిన వాళ్ళు బాధకు ఓర్చుకోలేక అర్ధరాత్రైనా ఆసుపత్రికి వస్తారు. నెలల తరబడి కొంచెం కొంచెంగా నిలిచిపోయిన వాళ్ళకు ఆ నొప్పే ఉండదు. కాళ్ళు వాచాయనో, అన్నం సహించడం లేదనో ఇంకెక్కడికో వెళితే, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) పెరిగిందని వాళ్ళు మా దగ్గరికి పంపుతారు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బొడ్డు దాకా మూత్రాశయం ఉబ్బి తగులుతుంది. అప్పటికే ఆ ఒత్తిడి కిడ్నీల మీద పడి ఉంటుంది. త్వరగా వస్తే చాలా వరకు కోలుకుంటారు. ఆలస్యమైతే అంతా వెనక్కి వస్తుందని మాట ఇవ్వలేం.

అందుకే ఇది చదివిన రోజో, మర్నాడో కావలి ఏరియా ఆసుపత్రికో, నెల్లూరు పెద్దాసుపత్రికో, మీకు తెలిసిన యూరాలజిస్ట్ దగ్గరికో వెళ్ళండి. కడుపు స్కాన్ చేసేటప్పుడు, మూత్రం పోసి వచ్చాక లోపల ఎంత మిగిలిందో కొలవమని అడగండి. ఆ అంకె నాకు గ్రంథి బరువు కన్నా ముఖ్యం. రక్తంలో క్రియాటినిన్, పొటాషియం, షుగర్, మూత్ర పరీక్ష కూడా చేయించండి. మూత్రం బాగా నిలిచిపోయిందని తేలితే పైపు వేస్తారు. అది ఆసుపత్రిలోనే వేయించుకోండి, ఇంటికొచ్చి వేసే వాళ్ళను పిలవొద్దు. అడ్డు తొలగాక కొందరికి మూత్రం లీటర్ల కొద్దీ పోతుంది, లవణాలు తగ్గిపోతాయి, పక్కన ఉండి చూసుకోవాలి. ఈలోగా అసలు మూత్రం రాకపోయినా, రక్తం కనబడినా, చలిజ్వరం వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

జలుబు మాత్రను మీరు మందుల లెక్కలోనే వేయలేదు. షాపులో ఇచ్చే చాలా జలుబు మాత్రల్లో ఫినైల్‌ఎఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిసి ఉంటాయి. ఒకటి మూత్రాశయం మెడను బిగిస్తుంది, రెండోది మూత్రాశయం ముడుచుకునే శక్తిని తగ్గిస్తుంది. మీ పరిస్థితిలో మూత్రం పూర్తిగా ఆగిపోవడానికి ఒక్క మాత్ర చాలు. అది మానేయండి. క్రియాటినిన్ ఎంతో తెలిసే దాకా ఒళ్ళునొప్పుల మాత్రలు కూడా వేసుకోవద్దు.

ఇక మీరు అడిగిన ఖనిజాలు. ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్‌లో జింక్ ఎక్కువ ఉంటుంది, అది నిజమే. అంతమాత్రాన జింక్ మింగితే పెరిగిన గ్రంథి తగ్గుతుందని నమ్మకమైన రుజువు లేదు. మెగ్నీషియం సంగతీ అంతే. మన దేశ ప్రమాణాల ప్రకారం మగవాళ్ళకు రోజుకు 17 ఎంజీ జింక్ చాలు, 40 దాటొద్దని అంటారు. మీరు మాత్రల్లోనే 100 వేసుకుంటున్నారు! అమెరికాలో కంటిచూపు కోసం రోజుకు 80 ఎంజీ జింక్ ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనంలో, మూత్ర సమస్యలతో ఆసుపత్రిలో చేరిన వాళ్ళు జింక్ తీసుకున్న వాళ్ళలోనే ఎక్కువని 2007లో తేలింది. ఎక్కువ డోసు చాలాకాలం వాడితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత, కాళ్ళ తిమ్మిర్లు రావచ్చు. సెలీనియం, విటమిన్-ఇ ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతాయేమోనని 35 వేల మందికి పైగా మగవాళ్ళతో పరీక్షించారు. ఉపయోగం కనబడక 2008లో మాత్రలు ఆపేశారు. విటమిన్-ఇ తీసుకున్న వాళ్ళలో క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని తర్వాత తెలిసింది. గుంటలో నీళ్ళు టెస్ట్ చేయించకుండా మీరు మినరల్స్ చల్లరు. మీ ఒంటి విషయంలో మాత్రం ఏ టెస్టూ లేకుండా మూడు నెలలు వాడేశారు. ఆ డబ్బా పక్కన పెట్టేయండి.

టామ్సులోసిన్ తల తిప్పితే డాక్టర్‌కు చెప్పాల్సింది. రాత్రి పడుకునే ముందు వేసుకోవడమో, వేరే మందుకు మార్చడమో ఉంటుంది. ఇప్పుడు మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి, బీపీ చూసి వాళ్ళే చెబుతారు. గ్రంథిని తగ్గించే ఫినాస్టరైడ్ లాంటి మందులు వేరే ఉన్నాయి. వాటికి ఆరు నెలలు ఓపిక పట్టాలి, ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష పీఎస్‌ఏ అంకెను అవి సగానికి తగ్గిస్తాయి కాబట్టి వాడుతున్న సంగతి ప్రతి డాక్టర్‌కూ చెప్పాలి. కిడ్నీల మీద ప్రభావం పడి ఉంటే మందులతో కాలయాపన చేయకుండా ఆపరేషన్ చెప్పొచ్చు. పైన కోత లేకుండా మూత్రనాళం గుండానే చేస్తారు. వైద్యసేవ కార్డు ఉంటే వెంట తీసుకెళ్ళి అడగండి.

వెళ్ళేటప్పుడు పాత స్కాన్ రిపోర్టు, ఆన్‌లైన్ డబ్బా, జలుబు మాత్ర అట్ట ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. పక్క తడుస్తున్న విషయం సిగ్గుపడకుండా డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి.

– యూరాలజిస్ట్, నెల్లూరు