డార్క్‌రూమ్‌లో చేసిందీ ఎడిటింగే

ప్రశ్న: నాలుగేళ్లుగా డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీస్తున్నానండీ. మొన్న ఒక సీనియర్ నా ఫొటోలు చూసి "ఇదంతా కంప్యూటర్ చేసిన పని, ఫిల్మ్ మీద తీస్తేనే కళ" అన్నారు. మనసు చివుక్కుమంది. ఫిల్మ్‌కి మారిపోవాలంటారా?

జవాబు: ఆ మాట పట్టించుకోకండి. నేను చాలా ఏళ్లు డార్క్‌రూమ్‌లో, అంటే ఫిల్మ్ కడిగి ప్రింట్లు వేసే చీకటిగదిలో పనిచేశాను, అక్కడ మేం చేసిందీ ఎడిటింగే. నెగటివ్‌ని (వెలుగునీడలు తారుమారుగా పడ్డ ఫిల్మ్‌ని) పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ వెలుగు ఫొటో పేపర్ మీద పడుతుంటే, తీగకి అంటించిన చిన్న అట్టముక్కని మొహం మీద నీడ పడేలా ఆడిస్తూ ఉండేవాళ్లం, వెలుగు పడేకొద్దీ పేపర్ నల్లబడుతుంది కాబట్టి, అక్కడ తక్కువ పడితే మొహం తేటగా వస్తుందని. అది డాడ్జింగ్. ఆకాశం ముదరాలంటే అక్కడొక్కచోటే ఇంకాసేపు వెలుగు పడనిస్తాం, అది బర్నింగ్. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ టూల్స్ పేర్లు ఇక్కణ్ణుంచి వెళ్లినవే.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రోదయం ఫొటో తీశారు, అప్పుడు వెలుగు కొలిచే లైట్ మీటర్ చేతికి దొరక్కపోతే చంద్రుడి వెలుగు ఎంతో గుర్తున్న లెక్కతోనే ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద ఎంత వెలుగు పడాలో) పెట్టేసి ఒక్క నెగటివ్ తీశారు, రెండోది తీసేలోపే శ్మశానంలో శిలువల మీద ఎండ పోయింది. ఆ ఒక్కదాన్నుంచే ఏళ్ల తరబడి ప్రింట్లు వేశారు. మొదటివాటిలో ఆకాశం లేతగా, మబ్బుచారలతో ఉంటుంది, తర్వాతవాటిలో దాదాపు నలుపే. ఏది అసలు ఫొటో అంటే, నాకైతే రెండూ.

ఫిల్మ్‌కీ డిజిటల్‌కీ తేడా లేదని కాదు. నెగటివ్ ఫిల్మ్ వెలుగు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు. డిజిటల్‌లో ఇది తిరగబడుతుంది, నీడల్ని చాలావరకు లేపుకోవచ్చు గానీ పూర్తిగా తెల్లగా కొట్టేసిన చోటు రా ఫైల్లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైల్లో) వెతికినా దొరకదు. అందుకే వెలుగు ఎక్కువున్న వైపు చూసి ఎక్స్‌పోజర్ పెట్టుకోండి.

ఫిల్మ్ నాకు నేర్పింది మాత్రం వేరే, రోల్‌కి 36 ఫ్రేములే, తీసింది అప్పటికప్పుడు కనబడదు, అందుకని నొక్కేముందే అంతా చూసుకోవాల్సి వచ్చేది. మీ కెమెరాలో ప్రివ్యూ ఆఫ్ చేసి, 36 దగ్గర ఆపేసి, వారం ఆగి చూడండి. ఎక్కడ తొందరపడ్డారో మీకే తెలిసిపోతుంది.

ఆ తర్వాత కూడా మనసు లాగితే తప్పకుండా ఫిల్మ్ పట్టుకోండి, బ్లాక్ అండ్ వైట్‌తో మొదలెట్టండి. ఎర్రలైటు కింద, డెవలపర్ (బొమ్మని తేల్చే రసాయనం) ట్రేలో తెల్లకాగితం మీద ముందు జుట్టు, కనుబొమలు, ఆ తర్వాత మెల్లగా బుగ్గలు తేలుతుంటాయి చూడండి, అది ఒక్కసారైనా మీ కళ్లతో చూడాలి.