సెట్ పడింది, బెట్ ఎంత?

ప్రశ్న: ఒకటి-రెండు బ్లైండ్ల (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పక వేయాల్సిన బెట్లు) పోకర్ టేబుల్. అందరి దగ్గరా రెండేసి వందల చిప్స్. నాకు ఆటీన్ తొమ్మిది, కళావరు తొమ్మిది పడ్డాయి. ఆరుకు రైజ్ చేస్తే బిగ్ బ్లైండ్‌లో ఉన్నాయన ఒక్కడే కాల్ చేశాడు. ఫ్లాప్‌లో (అందరికీ ఉమ్మడిగా బోర్డు మీద పడే మొదటి మూడు ముక్కలు) ఇస్పేటు రాజు, ఇస్పేటు తొమ్మిది, డైమన్ నాలుగు. మూడు తొమ్మిదులతో నాకు సెట్. బెట్ వేస్తే పారిపోతాడని చెక్ చేశాను. టర్న్‌లో (నాలుగో ముక్క) కళావరు రెండు, మళ్లీ చెక్. రివర్‌లో (చివరి ముక్క) ఇస్పేటు ఆరు. తొమ్మిది వేస్తే ఆయన ముప్పైకి పెంచాడు. కాల్ చేశాను, ఫ్లష్ (అయిదూ ఇస్పేట్లే) చూపించాడు. ఇది నా దురదృష్టమా, నేను చేసిన తప్పా?
- ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: తప్పే. అదీ రివర్‌లో మొదలైంది కాదు, ఫ్లాప్‌లోనే జరిగిపోయింది.

రమ్మీ ఆడి పెరిగిన చేతులకు ఈ జబ్బు ఎక్కువ. అక్కడ ముక్కలు గుట్టుగా సర్దుకుని ఒక్కసారిగా షో కొడితే ఎదుటివాడి చేతిలో పాయింట్లన్నీ మిగిలిపోతాయి, దాచినకొద్దీ లాభం. పోకర్‌లో దాచితే పెరిగేదేమీ లేదు. ఎవరో ఒకరు చిప్స్ వేస్తే తప్ప పాట్ (మధ్యలో పోగైన చిప్స్) ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

మీ చేతినే లెక్క కడదాం. ఫ్లాప్‌కి పాట్ 13: మీ ఆరు, ఆయన ఆరు, స్మాల్ బ్లైండ్ వదిలేసిన ఒకటి. మూడుసార్లూ పాట్‌లో మూడింట రెండు వంతులు వేస్తూ పోతే ఫ్లాప్‌లో 9, టర్న్‌లో 20, రివర్‌లో 47 పడతాయి. ఆయన చివరిదాకా కాల్ చేస్తే మీకు వచ్చేది 76. అదే ఫ్లాప్‌ను చెక్‌తో వదిలేసి మిగతా రెండుసార్లే వేస్తే 9, 20. మొత్తం 29. ఒక్క చెక్‌తో 47 చిప్స్ పోయాయి. మీరు రెండుసార్లు చెక్ చేశారు గనక గెలిచినా దక్కేది తొమ్మిదే. పిండి కొద్దీ రొట్టె: చివరి బెట్ పెద్దది కావాలంటే మొదటి బెట్ పడి ఉండాలి.

పారిపోతాడన్న భయం సంగతి. ఆ ఫ్లాప్ మీద చిన్న బెట్ల టేబుళ్లలో ఎవరు పారిపోతారు? రాజు ఉన్న ఏ చెయ్యీ పోదు. రాజు-జాకీ, రాజు-పది, చివరికి రాజు-అయిదు కూడా. పదుల జత, జాకీల జత ఒక బెట్‌కైనా నిలబడతాయి. రెండు ఇస్పేట్లున్న ప్రతివాడూ ఉంటాడు. రాణి-జాకీ పట్టుకుని, పది పడితే వరస అవుతుందని చూసేవాళ్లకూ కొదవలేదు. పారిపోయేది ఏడు-ఆరు లాంటి ఖాళీ చేతులే, వాటి దగ్గర ఎలాగూ మీకు వచ్చేదేం లేదు.

ఇక ఆ ఫ్లష్. ఫ్లాప్ దగ్గర ఆయనకు కనపడని ముక్కలు 47, వాటిలో ఇస్పేట్లు తొమ్మిది. తర్వాతి ముక్కలో తగిలే అవకాశం 19 శాతం, రెండు ముక్కల్లో కలిపి 35 శాతం. మీరు తొమ్మిది వేసి ఉంటే, కాల్ తర్వాత 31 అయ్యే పాట్ కోసం ఆయన తొమ్మిది పెట్టాలి. దానికి 29 శాతం ఉంటేనే గిట్టుబాటు, ఆయనకున్నది 19. అంటే తర్వాతి బెట్లు పక్కన పెడితే ఆ కాల్ సగటున ఆయన జేబులోంచే పోతుంది. మీరు చెక్ చేసి ఆ ముక్కను ఉచితంగా ఇచ్చారు, టర్న్‌లో ఇంకొకటీ ఇచ్చారు.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ తొమ్మిది ఇస్పేట్లలో ఒకటైన ఇస్పేటు నాలుగు పడితే ఆయనకు ఫ్లష్ వస్తుంది, బోర్డు మీద నాలుగుల జత పడి మీకు ఫ్లష్‌ను కొట్టే ఫుల్ హౌస్ (మూడు తొమ్మిదులు, రెండు నాలుగులు) అవుతుంది. ఆయన చిప్స్ మొత్తం మీ దగ్గరికి వచ్చే ముక్క అదే. అప్పటికి పాట్ 13 దగ్గరే ఉంటే ఆ అదృష్టానికీ విలువ ఉండదు. చేతిలో జత ఉన్నప్పుడు ఫ్లాప్‌లో సెట్ తగిలేదే ఎనిమిది తొమ్మిది సార్లకు ఒకసారి. మిగతా ఏడెనిమిది సార్లు పోయిన చిప్స్‌ను ఇదే రాబట్టాలి.

రివర్ కాల్ రెండో తప్పు. అప్పటిదాకా ఊరుకున్న మనిషి మూడో ఇస్పేటు పడగానే తొమ్మిదిని ముప్పై చేశాడు. మీరు ఇంకో 21 వేస్తే పాట్ 73. మూడున్నర సార్లకు ఒకసారైనా గెలిస్తేనే ఆ కాల్ సరైనది. చిన్న టేబుళ్లలో ఆ రైజ్ అంటే ఫ్లషే, పట్టుకున్నది సెట్ అయినా వదిలేయాలి.

ఎప్పుడూ దాచకూడదా అంటే, దాచే సందర్భం ఒకటుంది. చేతిలో రాజుల జత ఉండి, ఫ్లాప్‌లో మిగిలిన రాజులు రెండూ పడ్డాయనుకోండి, కాల్ చేయడానికి ఎదుటివాడికి ఏమీ మిగలదు. అప్పుడు ఒకసారి చెక్ చేయండి. అలాంటిది ఏడాదికోసారి వస్తే గొప్ప.

ప్రశ్న: బెంగళూరు వచ్చాక యాప్‌లో డబ్బు పెట్టి ఆడేవాణ్ణి. ఇప్పుడు పీజీలో మిత్రులం ఉచిత చిప్స్‌తో ప్రైవేట్ టేబుల్ పెట్టుకున్నాం. ఇక్కడ ఎవ్వరూ ఫోల్డ్ చేయరు (చెయ్యి వదిలేయరు). బ్లఫ్ ఎలా?
- ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: బ్లఫ్ వేయకండి. ఫోల్డ్ చేయనివాడిని బెదిరించడం గోడకు చెప్పుకోవడమే. మంచి చెయ్యి పడ్డప్పుడు మూడింట రెండు బదులు ముప్పావు వంతో, పూర్తి పాట్‌సైజో వేయండి. కాల్ చేసే మనిషి బెట్ పది అయినా పదిహేను అయినా చేస్తాడు, పది వేసి ఊరుకుంటే అయిదు వదులుకున్నట్టే. ఒక్క జాగ్రత్త: నలుగురు ఫ్లాప్ చూస్తున్నప్పుడు టాప్ పెయిర్ (బోర్డు మీది పెద్ద ముక్కతో కుదిరిన జత) పెద్ద చెయ్యి కాదు. ఒక బెట్, మహా అయితే రెండు. టూ పెయిర్, ఆపైన ఉంటే మూడూ వేయండి.

డబ్బు సంగతి కూడా. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ డబ్బాటను ఆపేశాయి. కర్ణాటక 2021లో తెచ్చిన సవరణను హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేయడంతో ఇక్కడ సాగింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బాటలన్నిటినీ ఒకే గాట కట్టింది. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఉచిత చిప్స్‌తో ఆడి, రాత్రికి యూపీఐలో లెక్క తేల్చుకుంటే అది ఉచితం కాదని వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఆసు-రాజు పట్టుకుని రాజు, ఎనిమిది, మూడు ఫ్లాప్ మీద మూడుసార్లూ బెట్ వేస్తాను. కొన్నిసార్లు చివర్లో దెబ్బతింటున్నాను. ఎక్కడ ఆగాలి?
- ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: ప్రతి బెట్ ముందూ ఒకటే ప్రశ్న: దీన్ని కాల్ చేసే చేతుల్లో నాకన్నా చిన్నవి సగానికి పైగా ఉన్నాయా? మీ ఫ్లాప్ మీద మిగిలిన రాజులు రెండు. రాజు-రాణి ఎనిమిది రకాలుగా రావచ్చు (రెండు రాజులు, నాలుగు రాణులు), రాజు-జాకీ ఎనిమిది, రాజు-పది ఎనిమిది. మొత్తం 24. మిమ్మల్ని కొట్టేవాటిలో ముఖ్యమైనవి ఎనిమిదుల జత మూడు, మూడుల జత మూడు, రాజు-ఎనిమిది ఆరు. వెరసి 12. అందుకే మొదటి రెండు బెట్లు నిర్భయంగా వేయండి, సగం పాట్ చాలు, ఈ ఫ్లాప్‌లో మూడూ మూడు రంగులైతే భయపడాల్సిన ఫ్లష్ డ్రా కూడా ఉండదు.

రివర్‌కి వచ్చేసరికి లెక్క మారుతుంది. రాజు-పది వాడు రెండుసార్లు కాల్ చేసి మూడోసారి పెద్ద బెట్ చూస్తే ఆలోచిస్తాడు, ఎనిమిదుల జత వాడు ఆలోచించడు. కాల్ చేసేవాటిలో పెద్ద చేతుల వాటా పెరుగుతుందన్నమాట. అక్కడ పాట్‌లో మూడో వంతు వేయండి, లేదా చెక్. టర్న్‌లో గానీ రివర్‌లో గానీ అంతవరకు నోరు మెదపని మనిషి రైజ్ చేశాడంటే ఆసు-రాజును పక్కన పెట్టేయండి. కొత్తవాళ్లకు ఇక్కడే మనసొప్పదు. ఆసు-రాజు పేరుకు ఎంత పెద్దదైనా ఆ బోర్డు మీద ఒక్క జతే.

ప్రశ్న: యాప్‌లో "పాట్" బటన్ నొక్కి రైజ్ చేస్తే నేననుకున్నదాని కన్నా ఎక్కువ చిప్స్ పోతున్నాయి. పాట్ 13, ఎదుటాయన బెట్ 10. నాకు 23 పడాలి కదా, 43 ఎందుకు పడింది?
- ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: బటన్ సరిగ్గానే లెక్క కట్టింది. పాట్ రైజ్ అంటే ముందు కాల్ చేసినట్టు లెక్క వేసుకోవాలి. 13, ఆయన 10, మీ కాల్ 10 కలిపి 33. ఆ 33 పైన కలుస్తుంది, కాబట్టి మొత్తం 43. గుర్తుకు తేలిక దారి: ఎదుటి బెట్‌కు మూడింతలు, దానికి అంతకుముందున్న పాట్ కలపండి. మంచి చెయ్యి ఉన్నప్పుడు అంత అక్కర్లేదు, ఆయన బెట్‌కు మూడింతలు, అంటే 30, చేత్తో టైప్ చేయండి. బటన్ పక్కనే ఉండే స్లైడర్‌ను మాత్రం ఫోన్‌లో నమ్మకండి, బొటనవేలు జారితే ఆల్ ఇన్ అయిపోతుంది.