తెల్ల ఎలుకా, నల్ల ఎలుకా?

ప్రశ్న: మా అమ్మకు 47వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చారు, ఇప్పుడు బాగానే ఉంది. నాకు 42. ఒంగోలులో డాక్టరమ్మ మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్-రే) తీయించుకోమంది. డిగ్రీ చదివే మా అబ్బాయేమో, ఒకే మోతాదు రేడియేషన్ పెట్టినా తెల్ల ఎలుకలకు క్యాన్సర్ వస్తుందట, నల్లవాటికి రాదట అంటున్నాడు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. నేను తెల్ల ఎలుక కోవలో ఉంటే ఆ మామోగ్రామే నా కొంప ముంచదా?
– ఒక సోదరి, సింగరాయకొండ

జవాబు: మీ అబ్బాయి విన్నది నిజమే తల్లీ, కాకపోతే సగమే విన్నాడు. ఏళ్ల తరబడి జువాలజీ చెప్పి రిటైరైన వాణ్ని, మిగతా సగం చెప్పందే ఊరుకోలేను.

ఆ తెల్లవాటి పేరు బాల్బ్-సీ, నల్లవి సీ57 బ్లాక్-6. కనీసం 20 తరాల పాటు అన్నాచెల్లెళ్లనే జతకట్టించి ల్యాబుల్లో తయారుచేసిన వంశాలివి. (మన మేనరికాలు వీటి ముందు ఏపాటి!) అందుకే ఒక వంశంలోని ఎలుకలన్నిటి జన్యువులూ అచ్చు గుద్దినట్టుంటాయి, రెండు వంశాలకూ తేడా ఎక్కడుందో పట్టుకోవచ్చు. రేడియేషన్ తగిలితే డీఎన్ఏ రెండు పోగులూ ఒకేచోట తెగుతాయి. తెగిన కొసల్ని అతికించడానికి కావలసిన ఒక ఎంజైమ్‌ను పీఆర్‌కేడీసీ అనే జన్యువు తయారుచేస్తుంది. బాల్బ్-సీలో ఆ జన్యువులో చిన్న మార్పులున్నాయి. దాంతో ఎంజైమ్ పనితనం తగ్గి, అతుకు సరిగా పడక, ఆడ ఎలుకలకు రొమ్ము కణితులు ఎక్కువగా వస్తాయి. రంగుకు దీనితో సంబంధం లేదు. తెలుపుకు కారణమైన జన్యువు 7వ క్రోమోజోమ్ మీద ఉంటే, ఇది 16వ దాని మీద ఉంది.

ఇక ఆ మిగతా సగం. అదే నల్ల ఎలుకకు వారానికోసారి చొప్పున నాలుగు వారాలు ఒళ్లంతా రేడియేషన్ ఇస్తే ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో లింఫోమా అనే క్యాన్సర్ వస్తుంది. సీబీఏ అని ఇంకో వంశం ఉంది, వాటిలో కొన్నిటికి ఒక్క మోతాదుతోనే రక్త క్యాన్సర్ వస్తుంది. అంటే నల్లది గట్టిది, తెల్లది నాసిరకం అనుకోవడానికి లేదు. ఒక్కో వంశానికి ఒక్కోచోట లోపం.

ఆ ప్రయోగాల్లో ఇచ్చే మోతాదులు తరచూ ఒక గ్రే, అంతకంటే ఎక్కువ. గ్రే అంటే ఒంటికి పట్టిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం, ఒక గ్రేకి 1000 మిల్లీగ్రేలు. మామోగ్రామ్‌లో రొమ్ముకు తగిలేది నాలుగైదు మిల్లీగ్రేలకు మించదు. మీ వయసులో, మీ ఇంటి చరిత్రతో, ఆ కాస్త దానికి జడిసి పరీక్ష మానుకోవడం నాకైతే తెలివైన పని అనిపించదు.

మీరు ఆలోచించాల్సిన జన్యువులు వేరే ఉన్నాయి: బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2. ఇవి కూడా డీఎన్ఏ రిపేరు చేసేవే, వీటిలో చెడు మార్పుంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. 50 దాటకముందే అమ్మకు వచ్చింది కనుక ఈ జన్యువుల పరీక్ష సంగతి డాక్టరమ్మను అడగండి. రక్తంతోనే చేస్తారు. ముందు మీకు కాదు, మీ అమ్మగారికి చేయించాలి. ఆవిడలో మార్పు దొరికితే మీలో వెతకాల్సింది ఏమిటో తెలుస్తుంది. అది మీకు వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. ఇలాంటి మార్పు ఉందని తేలిన ఆడపిల్లలకైతే, 30 ఏళ్ల లోపు మామోగ్రామ్ బదులు రేడియేషన్ లేని ఎంఆర్‌ఐ వైపు మొగ్గుతారు. లేత వయసు రొమ్ముకు రేడియేషన్ ఎక్కువ చేటు. హిరోషిమా, నాగసాకిల్లో చిన్నప్పుడు దాని బారిన పడ్డ ఆడవాళ్లలో ఇది స్పష్టంగా కనిపించింది.

నాన్నగారి వైపు కూడా కనుక్కోండి. మేనత్తలను వదిలేసి పిన్నమ్మల లెక్కే చెబుతారు చాలామంది, కానీ ఈ జన్యువులు తండ్రి నుంచీ వస్తాయి. అమ్మగారి పాత బయాప్సీ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. మామోగ్రామ్ నెలసరి అయిన వారానికి పెట్టుకుంటే నొప్పి తక్కువ. ఆ రోజు చంకల్లో పౌడరు, సెంటు వద్దు, ఫిల్మ్ మీద చుక్కల్లా పడి డాక్టరును తికమక పెడతాయి.