వడ్రంగం రానివాళ్లు ఇంట్లో తీగల వాయిద్యం చేసుకోగలరా? వీణతో మొదలుపెట్టొచ్చా?

చేసుకోవచ్చండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: శ్రీకాకుళంలో ఉంటారు, సాయంత్రాలు ఖాళీ, ఉలి పట్టిన అలవాటు లేదు. గిటార్ చేసే వీడియోల్లో పల్చటి బద్దల్ని వేడి గొట్టం మీద వంచడం చూసి, అది మన వల్ల కాదనుకున్నారు. దానికన్నా మన బొబ్బిలి వీణ చేయడమే మేలేమో అంటున్నారు. నేను చెప్పేది ఒక్కటే. మొదటిసారే వీణ వద్దు, ఉకులేలే (గిటార్ లాంటి చిన్న నాలుగు తీగల వాయిద్యం) చేయండి, కానీ వీణ చేసే పద్ధతి తీసుకోండి. కర్రను వంచకండి, తొలవండి.

నాకు రాజాంలో ఎలక్ట్రికల్ షాపు ఉంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకు ఉద్దానంలో మా అత్తవారి పెరట్లో పనస చెట్టు కూలిపోయింది. చుట్టూ కొబ్బరి, జీడి తోటలన్నీ నేలమట్టమైన రోజులవి. "దీని కాయలు తిని పెరిగినవాళ్లం, పొయ్యిలో పెట్టలేను" అని మా మావయ్యగారు మాను ముక్కలు కోయించి నాకిచ్చారు. అప్పుడు మొదలైందీ పని. ఇప్పటికి నాలుగు ఉకులేలేలు, ఒక తంబుర చేశాను.

అంతకుముందు ఒకటి పాడుచేశాను, అది కూడా చెప్పాలి. ఆత్రం ఆపుకోలేక ఆ పనస ముక్కల్ని నెల తిరక్కుండానే పలకలు కోయించి, చిత్రిక పట్టి, జిగురుతో పెట్టెలా అతికించాను. సంక్రాంతికి బాగానే ఉంది. ఎండలు ముదిరేసరికి అతుకు దగ్గర రూపాయి బిళ్ల దూరేంత సందు వచ్చింది, పై పలక వంగిపోయింది. దాన్ని సంచిలో పెట్టుకుని బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్లాను. వీణలు చేసే ఒక పెద్దాయన నా పలకను తీసుకుని చెంపకు ఆనించుకున్నారు. తర్వాత అక్కడే ఉన్న ఆరిన ముక్క ఒకటి నా చెంపకు ఆనించారు. నాది చల్లగా ఉంది, ఆయనది లేదు. "పచ్చి కర్రతో అంత తొందరేటి బాబూ" అన్నారు, అంతే.

ఆ పూటంతా అక్కడే కూర్చుని చూశాను. పనస దుంగను బాడితతో చెక్కి కుండ (వీణలో మోగే గుండ్రటి భాగం) తొలుస్తారు. ఏకాండి వీణకైతే కుండ, దండి (పొడవాటి మెడ), యాళి ముఖం (చివర సింహం లాంటి తల) అన్నీ ఒకే మానులోంచి వస్తాయి. అతుకులు లేనప్పుడు విడిపోయేదేముంది! మరి మొదటే వీణ ఎందుకు వద్దంటున్నానంటే, కష్టమంతా చెక్కడంలో లేదు. నల్లపొడి కలిపిన మైనంలో 24 మెట్లు (తీగను నొక్కి స్వరం పలికించే అడ్డ కడ్డీలు) నిలబెట్టి, ఒక్కోదాని చోటు చెవితో తేల్చాలి. స్వరం తెలిసిన చెవి లేకుండా అది కుదరదు. ఉకులేలేకి మెట్ల చోటు లెక్కతో వస్తుంది, నాలుగే తీగలు, కర్ర కూడా తక్కువ పడుతుంది.

ఇక కర్ర సంగతి. మాను నడిమధ్య గుజ్జు ఉన్న ముక్క తీసుకోకండి, ఆరేటప్పుడు అక్కడే పగులుతుంది. తెల్ల చెక్క వదిలేసి పసుపు రంగు చేవ ఉన్న భాగం అడగండి. రెండు కొసలకూ మైనం గానీ పాత పెయింట్ గానీ పూయండి. కొసల్లోంచి తడి త్వరగా పోతుంది, చీలికలు అక్కడే మొదలవుతాయి. నీడలో, గాలి తగిలేచోట, నేలకు ఆనకుండా పెట్టండి. ఆరిందో లేదో తూకం చెబుతుంది. నెలకోసారి తూచి, తేదీతో సహా ముక్క మీదే పెన్సిల్‌తో రాసేవాణ్ని. తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగుతుంది. వానాకాలంలో కాస్త పెరుగుతుంది కూడా, కంగారు పడొద్దు. అంతకాలం ఆగలేకపోతే పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే పనస తలుపు చెక్కలు, దూలాలు వెతకండి. మేకులు మాత్రం జాగ్రత్తగా తీయాలి.

కాన్సర్ట్ సైజు (ఉకులేలేల్లో ఒక మధ్యరకం కొలత) ఒళ్లు సుమారు 28 సెం.మీ. పొడవు, 20 వెడల్పు, 6.5 మందం. ఆకారం గీసుకుని బయట కోయకముందే లోపల తొలవండి. దిమ్మ చదరంగా ఉన్నప్పుడు కదలకుండా బిగించుకోవడం తేలిక. డ్రిల్ బిట్‌కి కావలసిన లోతు దగ్గర టేపు చుట్టి, తేనెపట్టులా బెజ్జాలు వేసుకుంటూ పోండి. మధ్య గోడలు ఉలితో ఊడొస్తాయి. గోడలు 5 మి.మీ., అడుగు 4 మి.మీ. దగ్గర ఆగాలి. మాస్క్ తప్పనిసరి, పనస పొట్టు ముక్కు, గొంతు మంట పెడుతుంది.

పై పలక పనసతో వద్దు. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో గీతలు నిటారుగా, దగ్గరదగ్గరగా ఉన్నది ఏరుకోండి. అన్నిటికన్నా నాకు ఇష్టమైన పని ఇదే. మూడున్నర మి.మీ. ఉన్నప్పుడు అంచు రెండు వేళ్లతో పట్టుకుని మధ్యలో వేలితో కొడితే టక్కుమని ఊరుకుంటుంది. శాండ్ పేపర్ పడుతూ, కొట్టి వింటూ ఉండండి. రెండు మి.మీ. దగ్గరికొచ్చేసరికి ఆ చప్పుడు సాగి, చిన్న మోగుడుగా మారుతుంది. అది వినబడగానే ఆపేయండి. వెనక రెండు సన్నటి అడ్డబద్దలు అతికించాలి, లేకపోతే తీగల లాగుడుకు కుంగిపోతుంది.

దండికి నిటారైన టేకు ముక్క చాలు. మెట్ల లెక్క ఇది: తీగ మోగే పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. 38 సెం.మీ. అయితే 2.13. మిగిలిన 35.87ను మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండోది 2.01, అలాగే ముందుకు. 12వ మెట్టు సరిగ్గా సగంలో, 19 దగ్గర పడాలి. పడకపోతే లెక్క తప్పినట్టే. గుర్తులు పెట్టేటప్పుడు మాత్రం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొలవకండి. దూరాలన్నీ కలుపుకుని ప్రతిసారీ పై కొస నుంచే, అంటే తీగ మోగడం మొదలయ్యే చోటు నుంచే, కొలవండి. లేకపోతే అర మి.మీ. తప్పులు పేరుకుని, పైస్థాయి స్వరాలన్నీ పక్కకు పోతాయి. నా రెండో వాయిద్యం అలాగే పోయింది.

తీగలకు కళింగపట్నం వైపు చేపల గాలానికి వాడే నైలాన్ తీగ తెచ్చుకున్నాను, 0.6 నుంచి 0.9 మి.మీ. మధ్యవి. ఉకులేలే తీగల మందమూ ఇంచుమించు అంతే. కొత్తలో వారం పాటు సాగుతూనే ఉంటాయి, రోజూ శ్రుతి చేసుకోవాలి.

తీగలు ఆనే గుర్రాన్ని ముందే అతికించేయకండి. తీగల బిగింపుతోనే నిలబెట్టి, 12వ మెట్టు మీద వేలు ఊరికే తాకించి మీటండి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. రెండూ ఒకేలా పలకాలి. నొక్కినది హెచ్చుగా ఉంటే గుర్రాన్ని వెనక్కి జరపాలి, తగ్గితే ముందుకి. నాకు 2 మి.మీ. వెనక్కి జరపాల్సి వచ్చింది. శ్రుతి కుదిరిన చోట గీత గీసి అప్పుడు అతికించండి.

మావయ్యగారి పనస మిగతా ముక్కలు రెండేళ్లు ఆరాక వాటితో చేసినది మా అమ్మాయి వాయిస్తోంది. పసుపు రంగు ఇప్పుడు తేనె రంగుకు తిరిగింది.

మీ దగ్గర ఇప్పటికే కర్ర ఏదైనా ఉంటే, కొస భాగం ఫొటో తీసి పెట్టండి. చేవ ఎంతవరకు ఉందో, గుజ్జు పడిందో లేదో చూసి చెబుతాను.